గుర్రానికో చట్టం, పేకకో చట్టమా?

ఆన్‌లైన్‌లో డబ్బు కాసి ఆడే ఆట నైపుణ్యంతో కూడినదైనా, అదృష్టం మీద నడిచేదైనా నిషిద్ధమేనని 2025 ఆగస్టులో పార్లమెంటు తేల్చిచెప్పింది. రెండు రోజుల్లో రెండు సభలనూ దాటిన ఆ బిల్లుపై 22న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. అలాంటి ఆటలు నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా అన్నారు. రమ్మీ, ఫాంటసీ క్రికెట్ కంపెనీలు డబ్బు ఆటలను హుటాహుటిన ఆపేశాయి. అదే ఫోనులో గుర్రం మీద కాసే పందెం సంగతిని మాత్రం సూటిగా తేల్చకుండా వదిలేశారు. ఎలక్ట్రానిక్ పరికరంలో, సాఫ్ట్‌వేర్‌గా నడిచేదే ఆన్‌లైన్ ఆట అని నిర్వచించడంతో, గుర్రం మైదానంలో పరుగెత్తుతుంది కనుక ఈ చట్టం తమకు వర్తించదని వాదించేవారికి సందు దొరికింది. ఆ సందు పొరపాటున మిగిలిందో, కావాలనే ఉంచారో కేంద్రమే చెప్పాలి.

గుర్రప్పందెం నైపుణ్యానికి సంబంధించినదని 1996లో మద్రాసు నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పే రేసు క్లబ్బులకు ఇప్పటికీ రక్ష. రమ్మీ కూడా నైపుణ్యంతో ఆడేదేనని అదే న్యాయస్థానం 1960ల్లోనే, అదీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన కేసులోనే చెప్పిందని గుర్తుచేయాల్సి వస్తోంది. పేకను కాపాడని తీర్పు గుర్రాన్ని ఎలా కాపాడుతుంది? 1996 నాటికి పందెం కాయడమంటే హైదరాబాద్ మలక్‌పేటలోనో చెన్నై గిండీలోనో ఉన్న రేసు మైదానానికి వెళ్లి, రేసుకు ముందు గుర్రాలను చూపే ప్యాడక్‌లో తిప్పుతున్న గుర్రం నడకను, దాని ఒంటి మీది చెమటను కళ్లారా చూసి, అందరి పందేలనూ పోగుచేసి గెలిచినవారికి పంచే టోట్ కౌంటర్‌లోనో, పందేలు కట్టించుకునే బుకీ దగ్గరో టికెట్టు తీసుకోవడం. ఇప్పుడు ఇంట్లో కూర్చుని, ఎన్నడూ చూడని ఊళ్లో ఎన్నడూ చూడని గుర్రం మీద డబ్బు పెట్టి, అది పోతే రాబట్టుకోవాలన్న ఆత్రంతో మరో ఊరి రేసుకు వేలు కదపడమే మిగిలింది. ఇందులో నైపుణ్యం పాలెంత?

పన్ను దగ్గర ఈ రెండు నాల్కల ధోరణి మరీ బాహాటం. 2023 అక్టోబరు 1 నుంచి పందెం పూర్తి విలువపై 28 శాతం జీఎస్టీ విధించి, 2025 సెప్టెంబరు 22 నుంచి దాన్ని 40 శాతం చేశారు. క్యాసినోలు, లాటరీల వరసలోనే గుర్రప్పందేలనూ నిలబెట్టారు. అంటే వసూలు చేసేటప్పుడు అది జూదం, అనుమతించేటప్పుడు క్రీడ.

రాష్ట్రాలదీ ఇదే తీరు. ఉమ్మడి రాష్ట్రంలో 1974లో వచ్చిన గేమింగ్ చట్టం గుర్రప్పందేలకు మినహాయింపు ఇస్తూనే గట్టి షరతులు పెట్టింది: రేసు జరిగే రోజునే, ప్రభుత్వ అనుమతితో ప్రత్యేకించిన ఆవరణలోనే, లైసెన్సున్న బుకీ దగ్గరో టోటలైజర్ (టోట్) ద్వారానో కాయాలి. ఫోనుకు ఆవరణ ఎక్కడిది? 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీని నిషేధించినప్పుడు కుటుంబాలు కూలిపోతున్నాయన్న ఆవేదన వినిపించింది. గుర్రం మీద పోగొట్టుకున్నవాడి ఇంట్లోనూ పొయ్యి వెలగదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో పందేలు, జూదం రాష్ట్రాల జాబితాలోనే ఉన్నాయి కనుక, ఢిల్లీ వైపు వేలెత్తి చూపి తప్పుకోవడం చెల్లదు.

పన్నుభారం పెరిగితే పందెం కాసే పంటర్లు దొంగ బుకీల పాలవుతారని, గుర్రాలను సాకే సైసులు, జాకీలు, గుర్రాల పెంపకందారుల బతుకులు దెబ్బతింటాయని క్లబ్బులు అంటున్నాయి. ఆ ఆందోళనలో కొంత నిజముంది. అయితే అది మైదానంలో రేసులు సాగనివ్వడానికి కారణమవుతుందే తప్ప, ప్రతి జేబులోనూ ఒక టోట్ కౌంటర్ తెరవడానికి కాదు. ఈ ఒక్క మినహాయింపును చూపి రేపు కోడిపందేలను ప్రత్యక్ష ప్రసారం చేస్తూ యాప్‌లో పందేలు కట్టిస్తామని ఎవరైనా వస్తే, కోడి కూడా బరిలోనే పోరాడుతుంది కదా అంటే, ప్రభుత్వాల దగ్గర సమాధానమేమిటి?

ఆన్‌లైన్ ఆటల చట్టాన్ని సవాలు చేసిన వ్యాజ్యాలను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో తనకు బదిలీ చేసుకుంది. ఆ తీర్పు చాటున తలదాచుకోకుండా, ఫోనులో కాసే గుర్రప్పందెం నేరమో కాదో ఒక్క వాక్యంలో రాసి పార్లమెంటు ముందు పెట్టడానికి కేంద్రానికి అడ్డేమిటి? ఆ మాట చెప్పే ధైర్యం లేనివారికి అదే పందెం మీద నూటికి నలభై వసూలు చేసే నైతిక హక్కు లేదు.