జ్వరం లేదంటే ఎముకలో చీము లేదని కాదు

రోగనిరోధక శక్తి సొంత ఒంటినే దెబ్బతీసే కీళ్లవాతం (రుమటాయిడ్), లూపస్ జబ్బులు ఉన్నవారికి ఎముక నొప్పి వస్తే అది పాత జబ్బు తిరగబెట్టడమేననీ, జ్వరం లేక ఎక్స్‌రే బాగుంటే ఇన్‌ఫెక్షన్ లేనట్టేననీ, ఒంట్లో వాపును సూచించే ఈఎస్ఆర్ రక్తపరీక్ష అంకె పెరిగితే స్టెరాయిడ్ మోతాదు పెంచుకోవాలనీ చెప్పే సందేశం ఒకటి కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది.

మొదటి మాట చాలాసార్లు నిజమే. అయితే కీళ్లవాతం సాధారణంగా రెండు చేతుల చిన్న కీళ్లనూ పట్టుకుంటుంది. "నొప్పి ఎక్కడమ్మా?" అంటే మోకాలి కింద ఒకే చోట వేలు పెట్టి, రాత్రి నిద్ర పట్టడం లేదని చెప్పే మనిషి విషయంలో ఆ లెక్క సరిపోదు.

జ్వరం మాట మరీ ప్రమాదకరం. రోజూ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర మింగే ఒంట్లో జ్వరం, వాపు, ఎరుపు అణిగిపోతాయి. తెల్లకణాలేమో ఆ మాత్ర వల్లనే పెరుగుతాయి కనుక ఆ సంఖ్య ఎటూ తేల్చదు.

ఎక్స్‌రేలో మార్పు కనబడాలంటే ఎముకలోని ఖనిజం 30 నుంచి 50 శాతం దాకా కరగాలి, అందుకు సుమారు 2 వారాలు పడుతుంది. ఎమ్మారైలో కొద్ది రోజులకే తెలుస్తుంది. కాకపోతే స్టెరాయిడ్ల వల్ల రక్తప్రసరణ ఆగి ఎముక చచ్చుబడినా అందులో ఇలాంటి మార్పులే కనబడి తికమకపెట్టవచ్చు.

ఈఎస్ఆర్ కీళ్లవాతంలో ఎలాగూ ఎక్కువే. లూపస్ ఉధృతమైనప్పుడు కూడా వాపును చూపే మరో రక్తపరీక్ష సీఆర్పీ తరచుగా పెద్దగా పెరగదు కాబట్టి, అది ఒక్కసారిగా బాగా ఎగబాకితే ముందు ఇన్‌ఫెక్షన్‌ను అనుమానించాలి. అదీ అనుమానమే, రుజువు కాదు. ఆ దశలో స్టెరాయిడ్ పెంచడమంటే సూక్ష్మజీవికి దారి సుగమం చేయడమే. అలాగని మాత్ర హఠాత్తుగా మానేయడమూ ప్రాణాంతకం కావచ్చు.

గట్టి రుజువు దొరికేది ముఖ్యంగా ఎముక ముక్క తీసి చేసే కల్చర్ (సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి చూడడం), బయాప్సీ పరీక్షల్లో. రోగి నిలకడగా ఉంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే ఆ ముక్క తీయడం మేలు. ఎక్కువగా దొరికేది స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా. వాపును రేపే టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ను అణిచే ఇంజక్షన్లు వాడేవారిలో క్షయనూ వెతకాలి. పగిలిన మడమలతో దమ్ము చేసిన చేలో రోజంతా నాట్లు వేసేవారి విషయంలో, ముఖ్యంగా చక్కెర జబ్బు కూడా ఉంటే, తడి మట్టిలో బతికే, మెలియాయిడోసిస్ అనే జబ్బు తెచ్చే బాక్టీరియా గుర్తుకు రావాలి. ల్యాబులో దాన్ని సూడోమోనాస్ అనే వేరే బాక్టీరియాగా పొరబడే అవకాశం ఉంది గనుక, కల్చర్ చీటీ మీద రోగి వాడుతున్న మందులతో పాటు "వరిచేలో పని" అని కూడా రాసి పంపాలి.