డబ్బాకు ఉక్కపోస్తదట!

మే నెల మధ్యాహ్నం అద్దాలన్నీ ఎత్తేసి, ఏసీ ఆపేసి, ఎండలో నిలబెట్టిన కారులో హైదరాబాద్‌లో ఎవరైనా కూర్చుంటారా? కూర్చోరు. అదే కారు లోపల ఏడు రంగుల లైట్లు పెట్టి, చిన్నది చేసి, టేబుల్ మీద పెట్టుకోమని అమ్మితే కొంటారా? కొంటారు. మా మేనల్లుడు 9,500 పెట్టి కొన్నాడు. దాన్ని గేమింగ్ క్యాబినెట్ అంటారు, ఆటలాడే కంప్యూటర్ సామానంతా బిగించే డబ్బా అన్నమాట.

ముందు అద్దం, పక్కన అద్దం. ముందు అద్దం వెనకాల మూడు ఫ్యాన్లు, మిఠాయి కొట్టు అద్దానికి ముక్కు ఆనించిన పిల్లల్లాగా నిలబడి, బయటి గాలిని లోపలికి లాగాలని రేయింబవళ్లు తిరుగుతుంటాయి. గాలి రావడానికి ఉన్న సందులో చిటికెన వేలు కూడా దూరదు. పైన మూడు, వెనక ఒకటి ఫ్యాన్లు లోపలి గాలిని బయటికి తోయాలి. అంటే, రాని చుట్టాన్ని సాగనంపడానికి నలుగురు గుమ్మంలో నిలబడ్డారన్నమాట. మా అక్క వాళ్లింట్లో సీలింగ్ ఫ్యాన్లు నాలుగు. డబ్బాలో ఏడు.

అసలు ఎంపిక ఎలా జరిగిందో చెప్పాలి. మొదట క్యాబినెట్ ఖాయమైంది. తరవాత దాని రంగుకు నప్పే ఫ్యాన్లు. ఆ ఫ్యాన్లతో పాటు తాళం తప్పకుండా మెరిసే ర్యామ్. ర్యామ్ మెరుపు కనపడేలా నల్ల మదర్‌బోర్డు. ఇవన్నీ అయ్యాక, దుకాణం మెట్లు దిగబోతూ మా మేనల్లుడు దుకాణం వాడితో, "అన్నా, ప్రాసెసర్ ఏది ఏద్దాం?" అన్నాడు. షామియానా, బ్యాండు మాట్లాడుకుని అడ్వాన్సు ఇచ్చేశాక పిల్లను వెతకడం మొదలుపెట్టినట్టు.

పాపం పిల్ల మాత్రం మంచిదే దొరికింది. రైజెన్ 5 7600 అనే ప్రాసెసర్, అంటే కంప్యూటర్ మెదడు. 65 వాట్ల రకం. తినేది తక్కువ, చేసేది ఎక్కువ, పైగా పుట్టింటి నుంచి తన ఫ్యాను తనే తెచ్చుకుంటుంది, ప్రాసెసర్ వచ్చే అట్టపెట్టెలోనే పెట్టి ఇస్తారు. ఆ ఫ్యాను ఇప్పుడు మా అక్క వాళ్ల అటక మీద పాత రాగి బిందె పక్కన సీలు విప్పకుండా ఉంది. ఎందుకంటే దానికి లైట్లు లేవు. దాని బదులు 13,500 పెట్టి లిక్విడ్ కూలర్ తెచ్చారు. ప్రాసెసర్ నెత్తిన ఒక పంపు, దానికి రెండు గొట్టాలు, పైన మూర పొడవు రేడియేటర్. ఇంత సరంజామా లారీకి ఉంటే అర్థం చేసుకుంటాను. మా బావ దాన్ని చుట్టూ తిరిగి చూసి, "ఇందులో మంజీరా నీళ్లు పోయాల్నా, బోరు నీళ్లు నడుస్తయా?" అని అడిగాడు. సీలు వేసి వస్తుంది, మనం పోసేదేం ఉండదు అంటే కొంచెం నిరాశపడ్డాడు. మల్కాజ్‌గిరిలో ఉండేవాడికి ట్యాంకర్ అక్కర్లేని నీళ్లంటే నమ్మకం కుదరదు.

ఇక్కడ ఫిజిక్సు పంతులు అవతారం ఎత్తక తప్పదు, క్షమించండి. ఫ్యానైనా, నీళ్లయినా వేడిని మాయం చేయవు, ఇక్కడి నుంచి ఎత్తి అక్కడ పోస్తాయి, అంతే. గదిలో గాలి ఎంత వేడిగా ఉందో అంతకన్నా కిందికి ఇలాంటి కూలరేదీ దించలేదు. డిసెంబర్‌లో గది 22 డిగ్రీలుంటే, దాని మీద 50 ఎక్కి ప్రాసెసర్ 72 దగ్గర ఆగుతుంది. అదే గది మేలో 38 ఉంటే అదే పనికి 88. కూలరు మారలేదు, ప్రాసెసర్ మారలేదు, కాలెండర్ మారింది. ఇక డబ్బా నోరు అద్దంతో మూసేస్తే లోపల గాలికి గది గాలితో సంబంధం తెగిపోయి దాని ఎండాకాలం దానికి వేరే మొదలవుతుంది. ఆట మొదలైతే ప్రాసెసర్, ఆటలో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ కలిసి మూడు నాలుగు వందల వాట్లు తాగుతాయి. తాగిందంతా చివరికి వేడిగానే గదిలోకి వస్తుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి వచ్చే వేడి దాదాపు 100 వాట్లు. కాబట్టి మా మేనల్లుడు ఆట మొదలుపెట్టడమంటే, ఆ పది బై పది గదిలోకి నలుగురు చుట్టాలను పిలిచి తలుపేసుకోవడమే. చుట్టాలైతే సాయంత్రానికి పోతారు.

(మాదాపూర్ అద్దాల మేడలను చూసి పెరిగిన పిల్లలు, వాళ్లనేం అంటాం. పాతబస్తీలో దేవిడీ, అంటే నవాబుల కాలం నాటి పెద్ద ఇల్లు, కట్టినవాడికి తెలుసు, ఈ ఊళ్లో ముందు నడిమింట్లో ఆకాశం వదలాలని, తరవాతే గోడలని. ఇప్పుడు ముందు అద్దం, తరవాత ఏసీ, తరవాత కరెంటు బిల్లు.)

మే రెండో వారంలో అక్క ఫోన్ చేసింది. "నువ్వోసారి రారా, వాడి కంప్యూటర్‌కు బాలేదు" అంది. గొంతు విని నిజంగానే కంగారుపడి వెళ్లాను. గదిలో దృశ్యం ఆసుపత్రిలాగే ఉంది. ఆ కూలర్ పంపు మీద చిన్న గుండ్రటి స్క్రీన్ ఒకటి ఉంటుంది, ప్రాసెసర్ వేడి ఎంతో అందులో కనపడుతుంది. అందరూ దాని చుట్టూ నిలబడి చూస్తున్నారు. 94. కాసేపటికి 95. ఆ ప్రాసెసర్ 95 దాటదు. అక్కడికి రాగానే ప్రాణం కాపాడుకోవడానికి తన వేగం తనే తగ్గించుకుంటుంది. ఆటలో బొమ్మలు నత్తల్లా నడుస్తున్నాయి. బావ ఆఫీసు నుంచి గంటకోసారి ఫోన్ చేసి "ఎంతున్నది?" అని అడుగుతున్నాడట.

"95" అని చెప్పాను.

"నార్మల్ 98.4 గద బావా, ఇంకా తక్కువనే ఉన్నది. ఒళ్లు చల్లబడుతున్నదేమో చూడండి" అన్నాడు.

ఇవి సెంటీగ్రేడ్ బావా, ఇంకో అయిదు ఎక్కితే దీని మీద టీ కాగుతుంది అన్నాను. అటు పక్క కాసేపు మాట లేదు. తరవాత, "అయితే కూలర్ కొనాలె" అన్నాడు. కొన్నారు కదా బావా 13,500 పెట్టి అంటే, "అది కాదు, కూలర్, కూలర్" అన్నాడు.

ఈ ఊళ్లో కూలర్ అంటే ఒకటే అర్థం. రేకు డబ్బా, మూడు వైపులా గడ్డి, కింద నీళ్ల టబ్బు, ముందు పెద్ద ఫ్యాను. కొత్తది కొనే దాకా ఆగలేక ఇంట్లో ఉన్నదాన్నే తోసుకొచ్చారు. అది మా అత్తయ్యగారిది, అంటే బావ వాళ్లమ్మది. పదకొండేళ్లుగా ఆమె మంచం కాళ్ల దగ్గర ఉంటుంది. దాని చక్రాలు హాలు దాటేటప్పుడు చేసిన చప్పుడుకు ఆమె లేచి, గుమ్మంలో నిలబడి, 1,24,000 రూపాయల కంప్యూటర్ ముందు తన కూలర్‌ను ప్రతిష్ఠించడం ఆసాంతం చూసి ఒకే మాట అంది.

"డబ్బాకు ఉక్కపోస్తదట. నాకు పొయ్యదా?"

జవాబు చెప్పడానికి ఎవరికీ తీరిక లేదు. మేనల్లుడు పక్క అద్దం స్క్రూలు విప్పుతున్నాడు. ఏ అద్దం కోసమైతే ఆ క్యాబినెట్ కొన్నాడో ఆ అద్దాన్ని తీసి దుప్పటిలో చుట్టి బీరువా వెనకాల పెట్టాడు. తరవాత ముందుది కూడా. కూలర్ స్విచ్ వేశారు. గడ్డి వాసనతో చల్లగాలి దూసుకొచ్చింది. 95... 90... 84... 79! పిల్లాడికి జ్వరం దిగినట్టు అక్క దండం పెట్టుకుంది. ఆ చల్లగాలితో పాటు నీటి తుంపర్లు కూడా పోయి బోర్డు మీద పడుతున్నాయని నేనంటే, "ఏం గాదు మామా, లిక్విడ్ కూలింగే గదా" అన్నాడు.

రెండో రోజు తెరిచిన డబ్బాలోకి బల్లి వచ్చింది. రాకేం చేస్తుంది, లైట్లున్నాయి, పురుగులున్నాయి, ఇంట్లో చల్లటి చోటు అదొక్కటే. బల్లి తల మీద పడితే ఏం ఫలం, భుజం మీద పడితే ఏం ఫలం అని పంచాంగంలో పట్టిక ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు మీద పడితే ఏమిటన్నది ఇంకా చేర్చలేదు. అత్తయ్యగారు తన గది కిటికీకి తడి చీర కట్టుకుని, ఆ పూటకు పడుకుంది.

ఇంతవరకు నవ్వుకున్నాం. ఇక అసలు సంగతి. కంప్యూటర్ కొన్నప్పుడు దుకాణం వాడిచ్చిన కొటేషన్ కాగితం నా చేతిలో పెట్టారు. క్యాబినెట్ 9,500, కూలర్ 13,500, ర్యామ్, కార్డు అన్నిటికీ ధరలున్నాయి. ఎస్ఎంపీఎస్‌కు ఎదురుగా ఒకటే మాట ఉంది. ఫ్రీ.

ఇంటి కరెంటును తీసుకుని ప్రతి ముక్కకూ కావలసిన వోల్టేజీలో పంచే పెట్టె అది. లోపల ఇంకేది చెడినా మామూలుగా అదొక్కటే పోతుంది, ఈ పెట్టె చెడితే మాత్రం అన్నిటినీ వెంట తీసుకుపోగలదు. చేత్తో ఎత్తి చూశాను. మురుకుల డబ్బా ఇంతకన్నా బరువుంటుంది. పైన స్టిక్కర్ మీద కోడిగుడ్డంత అక్షరాలతో 600 వాట్స్ అని ఉంది. కింద చీమ తలకాయంత అక్షరాల్లో 12 వోల్టులు, 25 ఆంపియర్లు అని ఉంది. 12ను 25తో హెచ్చవేయండి. మూడు వందలు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తాగేదంతా దాదాపు ఆ 12 వోల్టుల తీగ నుంచే. 600 అన్న అంకె ఎవడి మేనమామ కట్నం? ఐదారు వేలు పెడితే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు) ఉన్నది, మంచి కంపెనీది వచ్చేది. లైట్ల కూలర్ మానేసి, ప్రాసెసర్‌తో వచ్చిన ఫ్యానే బిగిస్తే ఆ ఖర్చు పోను ఇంకా చేతిలో ఏడెనిమిది వేలు ఉండేవి. సికింద్రాబాద్ పార్క్‌లేన్ కంప్యూటర్ల బజారులో ఈ లెక్క నోటితో చెప్పగలిగినవాళ్లు ఉన్నారు. వీళ్లు వెళ్లిన దుకాణం వాడికీ తెలుసు. తెలిసే పెట్టాడు. నాకు ఒళ్లు మండేది అందుకే. తెలియక చేసినవాడి మీద నవ్వొస్తుంది.

పైగా, "బిల్లు కావాల్నా సార్? బిల్లు అయితే 18 పర్సెంట్ జీఎస్టీ పడ్తది" అన్నాడట. 22,320 రూపాయలు మిగిలాయని బావ ఆ రోజు ఇంటిల్లిపాదికీ బిర్యానీ తెచ్చాడు. ఆ డబ్బు ఎక్కడిదో తెలుసా? చిట్టీ. ఇంకా ఎనిమిది నెలలు ఉండగా, నష్టానికి పాట పాడి ఎత్తిన చిట్టీ. కొడుకు ఇంజనీరింగ్‌లో చేరాడు, కోడింగ్ చేసుకుంటాడు, మంచి కంప్యూటర్ ఇవ్వాలని. కౌంటర్ వెనకాల కూర్చున్నవాడు ఆ మనిషి చొక్కా చూశాడు, చెప్పులు చూశాడు, కొడుకు మొహంలో సంతోషం చూశాడు. చూసి, ఊరికే ఇచ్చే రేకు పెట్టెను లక్షా ఇరవై వేల సామాను మధ్యలో పెట్టి బిగించాడు. ఇది వ్యాపారం కాదు. అన్నంలో రాయి కలపడం. కాదు, రాయి నయం, పన్ను విరిగితే తెలుస్తుంది.

జూన్ మొదటి వారంలో గాలివాన వచ్చింది. కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయి, వచ్చింది. ఠప్పుమంది. మాడిన వాసన. ఎస్ఎంపీఎస్ పోతూ పోతూ బోర్డును, కార్డును తోడు తీసుకుపోయింది. వాటికి మూడేళ్ల వారంటీ ఉంటుంది, అడిగితే, "బిల్లు చూపించండి సార్" అన్నాడు. బిల్లు వద్దన్నదెవరని బావ అడిగాడట, గట్టిగా కూడా కాదు. వాడు అప్పటికే ఇంకో కుర్రాడికి ఫ్యాన్ల రంగులు మార్చి చూపిస్తున్నాడు.

అత్తయ్యగారి కూలర్ తిరిగి ఆమె మంచం దగ్గరికి వెళ్లింది, అప్పటికి వానలు మొదలయ్యాయి. క్యాబినెట్ మాత్రం బీరువా పక్కన అలాగే ఉండేది. వినాయక చవితికి కాలనీ పిల్లలు వచ్చి అడిగారు. ఎలక్ట్రీషియన్ ఒకాయన ఏదో అడాప్టర్ కట్టాడు. ఏడు ఫ్యాన్లూ ఏడు రంగుల్లో వెలుగుతూ మండపంలో గణపతి వెనకాల తొమ్మిది రోజులు చక్రాల్లా తిరిగాయి. వచ్చినవాళ్లంతా ఫోటోలు తీసుకున్నారు. నేను వెళ్లిన రోజు పక్క కాలనీ ప్రెసిడెంట్ వచ్చి, కళ్లార్పకుండా చూసి, "ఎక్కడ తీసుకున్నరు సార్ ఇది?" అని బావను అడిగాడు.

బావ దుకాణం పేరు చెప్పాడు. ఏ అంతస్తో కూడా చెప్పాడు. నా వైపు చూసి, కొంచెం సిగ్గుపడి, "ఏదేమైనా బావా, లైట్లు మాత్రం మంచివే ఇచ్చిండు" అన్నాడు.