ఉపన్యసించ ప్రార్థన

'మాట్లాడతారు' అని ఉంచేస్తే సరిపోయేది. మొన్న ఆగస్టు 29న విశాఖలోని ఒక అపార్ట్‌మెంట్ల సముదాయంలో తెలుగు భాషా దినోత్సవం జరిగింది. జనం మాట్లాడే తెలుగే రాయండని జీవితమంతా పోరిన గిడుగు రామమూర్తి గారి జయంతి అది. సంఘం అధ్యక్షుల వారు సరిగ్గా ఆ సందర్భానికే ఆహ్వానంలో 'మాట్లాడతారు' కొట్టేసి 'ఉపన్యసిస్తారు' అని దిద్దారు. మూడో అంతస్తు హిందీ పెద్దాయనకి, ఐదో అంతస్తు మలయాళీ పెద్దాయనకి వాళ్ల వాళ్ల లిపిలో అదే మాట వాట్సాప్‌లో వెళ్లింది: గిడుగుపై ఉపన్యాసం, పది నిమిషాలు.

సంస్కృతంలో ఆ మాటకి ఎదుట పెట్టడం, ప్రస్తావించడం అని అర్థం. తెలుగువాళ్లం దాన్ని వేదిక ఎక్కించి మైకు ఇచ్చాం. హిందీలో, బెంగాలీలో అది నవల. మలయాళంలో వ్యాసం. మనం ఉపన్యాసం అనేదాన్ని హిందీవాళ్లు భాషణ్ అంటారు, వ్యాఖ్యాన్ అంటారు. ఆ వ్యాఖ్యానమేమో మన దగ్గర పద్యం కింద టీకా, లేదా క్రికెట్ కామెంటరీ.

మలయాళీ పెద్దాయన పని నిమిషంలో అయిపోయింది. మార్జిన్లు కొట్టిన నాలుగు ఫుల్‌స్కేప్ కాగితాలు దారంతో కట్టి, పైన పేరు లేకుండా ఫ్లాట్ నంబరు మాత్రం వేసి, బల్ల మీద పెట్టి నమస్కారం చేసి కూర్చున్నారు. ఆ సాయంత్రం చప్పట్లు మనస్ఫూర్తిగా పడ్డది ఆ ఒక్కసారే.

తర్వాత హిందీ పెద్దాయన ఫైలు విప్పారు. పది నిమిషాల్లో నవల ఏమిటని ఆయనకీ అనుమానం వచ్చిందట. మచ్చుకి చదవమంటున్నారు కాబోలని, ఎప్పుడో రాసి అచ్చుకాకుండా ఉండిపోయిన తన నవల పట్టుకొచ్చారు. మొదటి పేజీలోనే చలికాలం, అర్ధరాత్రి, ఏదో స్టేషన్లో ఆగిపోయిన రైలు. గిడుగు వారు ఏ బోగీలో ఉన్నారో ఎవరికీ అంతుపట్టలేదు. "సవరల భాష నేర్చుకోవడానికి వెళ్తున్నట్టున్నారు" అని అధ్యక్షుల వారు పక్కాయన చెవిలో సర్దిచెప్పారు. రైలు కదలలేదు. పావుగంటకి టీ అమ్మేవాడొచ్చాడు. వాడికో ప్రేమకథ ఉంది. అధ్యక్షుల వారు అక్కడా తల ఊపారు.

సభల్లో ఇలాంటప్పుడు చీటీ పంపడం ఆనవాయితీ. చీటీలో రెండే మాటలుండాలి, అక్షరాలు లావుగా ఉండాలి, వక్త ఊపిరి తీసుకునే చోట చేతికి అందాలి. కార్యదర్శి ఇవన్నీ పాటించాడు, పాపం. 'ప్రసంగం ముగించండి' అన్నదాన్ని నాగరిలో 'ప్రసంగ్ సమాప్త్' అని రాసి పంపాడు. తెలుగులో ప్రసంగం అంటే ప్రసంగమే. హిందీలో ప్రసంగ్ అంటే సందర్భం, కథలో ఒక ఘట్టం. ఆయన చీటీ చదివి, తన నవలని ఇంత శ్రద్ధగా వింటున్న మనిషి ఒకడున్నాడని కళ్లజోడు తుడుచుకుని, "జీ హాఁ, ఏ ప్రసంగ్ సమాప్త్" అన్నారు. పేజీ తిప్పారు. "దూస్రా ప్రసంగ్."

రెండో చీటీ వెళ్లింది. మూడో ప్రసంగ్ మొదలైంది.

"చీటీలు ఆపవయ్యా బాబూ!" అని వెనక వరసలోంచి ఎవరో అరిస్తే గానీ రైలు ఆగలేదు. అంటే, ఆగే ఉంది కదా, చదవడం ఆగింది.

అసలు ఆహ్వానంలో ఏ మాట వేస్తే ఎంతసేపు పడుతుందో సభలు నడిపేవాళ్లందరికీ తెలుసు. 'తొలిపలుకులు' అయిదు నిమిషాలు. 'ప్రసంగం' అంటే పదిహేను. 'ఉపన్యాసం' అంటే ముప్పావుగంటకి సిద్ధపడాలి, ముందు 'స్మారక' చేరితే గంట. 'ప్రవచనం' సప్తాహం దాకా సాగినా అడిగేవాడుండడు. అన్నిటికంటే ప్రమాదం 'రెండు మాటలు'. దానికి లెక్క లేదు.

అధ్యక్షుల వారు ఎనిమిదీ నలభైకి లేచింది రెండు మాటలకే. అప్పటికే వేడి వడలు సాంబార్లో మునిగి ఉన్నాయి. వ్యావహారిక భాష అవసరాన్ని ఆయన గ్రాంథికంలో ఉపన్యసించి, సమయాభావం వల్ల ముగిస్తున్నానని మూడుసార్లు చెప్పి, తొమ్మిదింపావుకి, వాచ్‌మన్ ఫ్యాన్లు కట్టేశాక ముగించారు. వందన సమర్పణ చెయ్యాల్సినాయన అప్పటికి ప్లేటు పట్టుకుని వరసలో ఉన్నాడు.

మలయాళీ పెద్దాయన మాత్రం లిఫ్టులో కనిపించినవాళ్లందరినీ ఫలితాలెప్పుడని అడుగుతున్నారు. ఆయన వ్యాసం అధ్యక్షుల వారి దగ్గరే ఉంది. ఎర్ర సిరాతో దిద్దుతున్నారట.