పాడటం రాని అమ్మాయి నిలబెట్టిన గ్రూప్

జపాన్ పాప్ సంగీతం గురించి మాట్లాడుకునేచోట మార్నింగ్ ముసుమే అనే అమ్మాయిల గ్రూప్ పేరు రాగానే ఎవరో ఒకరు అంటారు: 'అసలైన వాళ్లు 2000 నాటి వాళ్లే, తర్వాత వచ్చినవాళ్లంతా ఆ పేరు మోస్తున్నవాళ్లు' అని. 1999లో వాళ్ల పాట 'లవ్ మషీన్' 16 లక్షల కాపీలు దాటి అమ్ముడైంది. 13 ఏళ్ల గోతో మకి బంగారు రంగు జుట్టుతో వచ్చి నేరుగా మధ్యలో నిలబడింది. ఏ చానెల్ పెట్టినా వీళ్లే కనిపించేవారు. ఆ తర్వాత మనుషులు మారుతూ పోయారు, అమ్మకాలు దిగిపోయాయి. అందుకని మనుషులు మారడమే గ్రూప్‌ను ముంచిందని తీర్పు చెప్పేశారు. ఇరవై ఏళ్లుగా ఈ తీర్పు నడుస్తూనే ఉంది. ఇది తప్పుడు తీర్పు. ఈ గ్రూప్ ఇన్నేళ్లు బతికిందంటే దానికి కారణం మనుషులు మారిన పద్ధతే. ఆ పద్ధతిని కాపాడినది కూడా పెద్ద గాయని కాదు. తనకు పాడటం రాదని తానే ఒప్పుకున్న అమ్మాయి.

పాత కథ చాలామందికి తెలిసిందే. 1997లో టీవీ టోక్యో వాళ్ల 'అసయాన్' కార్యక్రమంలో రాక్ గాయని కోసం ఆడిషన్ పెట్టారు. అందులో ఓడిపోయిన ఐదుగురిని నిర్మాత త్సున్కు ఒకచోట చేర్చాడు. ఐదు రోజుల్లో 50 వేల సీడీలు మీ చేతులతో అమ్మండి, అప్పుడు అవకాశం ఇస్తాను అన్నాడు. నాలుగు రోజుల్లో అమ్మేశారు. అందరికంటే పెద్ద నకజావా యూకోకు అప్పటికి 24 ఏళ్లు, ఆఫీసులో ఉద్యోగం చేసి వచ్చిన మనిషి. చిన్నది ఫుకుదా అసుకాకు 12. 1998 జనవరిలో పెద్ద కంపెనీ నుంచి సింగిల్ వచ్చింది. అదే ఏడాది మరో ముగ్గురు చేరారు. 1999 ఏప్రిల్‌లో ఫుకుదా చదువు కోసమని 14 ఏళ్లకే వెళ్లిపోయింది. అప్పటినుంచి రావడం, పోవడం ఆగలేదు. 2023 నాటికి 17 బ్యాచ్‌లు, మొత్తం 47 మంది.

47 మంది అనగానే చాలామందికి బస్ స్టాండ్ గుర్తొస్తుంది. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు, ఒకరితో ఒకరికి సంబంధం ఉండదు. కానీ 2000 ఏప్రిల్‌లో నాలుగో బ్యాచ్ వచ్చినప్పుడు ఏం చేశారో చూడండి. కొత్తగా వచ్చిన నలుగురికీ ఒక్కో సీనియర్‌ను అప్పజెప్పారు. ఇయిదా కవోరి చేతికి త్సుజి నొజోమి, గోతో మకి చేతికి కాగో ఐ. గోతో అప్పటికి చేరి ఎనిమిది నెలలే అయింది. వయసు 14. ఆమె చేతిలో పెట్టిన పిల్లకు 12. ఎనిమిది నెలల కిందట తన సీనియర్ ఇచీ సయకా పక్కన నిలబడి నేర్చుకున్నదంతా ఇప్పుడు గోతో ఇంకొకరికి చెప్పాలి. తను నేర్చుకోవడమే ఇంకా పూర్తికాలేదు, అప్పుడే నేర్పడం మొదలైంది. వచ్చే నెలలోనే ఇచీ వీడ్కోలు తీసుకుంది. ఎవరు ఎప్పుడు వెళ్తారో తెలియని చోట విద్యను వెంటవెంటనే చేతులు మార్చాల్సిందే.

ఇంతకుముందు జపాన్‌లో చాలా అమ్మాయిల గ్రూప్‌లకు ఈ దారి లేదు. 1970ల్లో ఊపు ఊపిన క్యాండీస్‌ను తీసుకోండి. ముగ్గురమ్మాయిలు, పేరు శిఖరాన ఉండగా 1977లో వేదిక మీదే 'మామూలు ఆడపిల్లల్లా మారిపోవాలని ఉంది' అనేశారు. 1978 ఏప్రిల్ 4న కొరాకుయెన్ స్టేడియంలో చివరి కచేరీ చేశారు. వాళ్లు ఆగాలంటే గ్రూప్ కూడా ఆగాలి, ఇంకో మార్గం లేదు. వాళ్లు నేర్చుకున్నది వాళ్లతోనే ఇంటికి వెళ్లిపోయింది.

ఇక మార్పులే ముంచాయనేవాళ్లు జవాబు చెప్పలేని కాలం ఒకటుంది. 2007 జూన్ నుంచి 2009 డిసెంబర్ దాకా, అంటే రెండున్నరేళ్లు, మార్నింగ్ ముసుమేలో ఒక్క మార్పూ లేదు. తకహషి ఐ లీడర్‌గా తొమ్మిది మంది, అందులో ఇద్దరు చైనా నుంచి వచ్చినవాళ్లు. అభిమానులు దీన్ని ప్లాటినం కాలం అంటారు. తకహషి, తనకా రేనా గొంతులు కలిస్తే రికార్డింగ్‌కూ కచేరీకీ తేడా తెలిసేది కాదు. మార్పులే జబ్బయితే, మార్పు లేని ఈ రెండున్నరేళ్లలో అమ్మకాలు లేవాలి కదా! లేవలేదు. సింగిల్స్ అర లక్ష అటూఇటూగా ఊగాయి. 1998 నుంచి వరుసగా పదేళ్లు డిసెంబర్ 31 రాత్రి జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే నడిపే కోహకు పాటల పోటీకి వెళ్లిన గ్రూప్‌కు 2007 తర్వాత పిలుపు ఆగిపోయింది. అకిహబరాలో చిన్న థియేటర్‌తో మొదలైన మరో అమ్మాయిల గ్రూప్ ఏకేబీ48 అప్పటికి దేశమంతా పాకుతోంది. జనం చూపు అటు తిరిగింది. మార్నింగ్ ముసుమే చరిత్రలో ఎక్కువ నైపుణ్యం ఉన్న కాలమూ, తక్కువమంది చూసిన కాలమూ ఒక్కటే.

ఆ తొమ్మిది మంది తర్వాత ఎలా వెళ్లిపోయారో చెబితే భయమేస్తుంది. 2009 డిసెంబర్‌లో కుసుమి కొహరు. 2010 డిసెంబర్‌లో ఒకే రాత్రి ముగ్గురు. 2011 సెప్టెంబర్ 30న లీడర్ తకహషి. 2012 మేలో ఆమె తర్వాతి లీడర్ నీగకి రిసాతో పాటు మిత్సుయి ఐకా. 2013 మేలో తనకా రేనా. నాలుగేళ్లు నిండకుండానే ఎనిమిది మంది. మిగిలింది ఒక్కరే, మిచిషిగే సయూమి. 23 ఏళ్ల ఆ అమ్మాయి చుట్టూ తొమ్మిది మంది జూనియర్లు. వాళ్లలో కుదో హరుకా గ్రూప్‌లోకి వచ్చినప్పుడు వయసు 11.

నా వాదనంతా ఈ మనిషి మీదే నిలబడింది కాబట్టి ఆమె గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

మిచిషిగే యమగుచి రాష్ట్రంలోని ఉబే ఊరి పిల్ల. 2003లో ఆరో బ్యాచ్‌లో వచ్చింది. శ్రుతి నిలవదు. ఏళ్ల తరబడి పాటల్లో ఆమెకు దక్కింది ఒకటి రెండు ముక్కలే, వెనక వరసలోనే చోటు. 2005లో కుసుమి కొహరు చేరినప్పుడు నేర్పే బాధ్యత ఈమెకు అప్పగించారు. 15 ఏళ్ల పిల్ల ఇంకో పిల్లను దారిలో పెట్టాలి. అది తను సరిగా చేయలేకపోయానని తర్వాత ఆమే చెప్పుకుంది. గ్రూప్‌ను ఎవరూ పట్టించుకోని రోజుల్లో టీవీ వినోద కార్యక్రమాలకు ఒంటరిగా వెళ్లేది. 'నేనే అందరికంటే అందగత్తెను' అంటూ, పక్కవాళ్లను మాటలతో పొడుస్తూ, తిట్లు తింటూ కూర్చునేది. ఆ తిట్లు పడిందెందుకు? టీవీలో మార్నింగ్ ముసుమే అనే పేరు వినబడాలంటే అప్పుడు ఉన్న దారి అదొక్కటే.

2012 మేలో లీడర్ అయింది. ఆ తర్వాత ఆమె ఏం నేర్పింది? పాట నేర్పలేదు, నేర్పడం ఆమె వల్ల కాదు కూడా. కానీ ఎనిమిదేళ్లకు పైగా తకహషి వెనక నిలబడి చూసింది. ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకుంటారు, ఎవరు తడబడితే పక్కవాళ్లు ఎలా సర్దుకుంటారు, హాల్ సగం ఖాళీగా ఉన్న రోజున మొహం ఎలా పెట్టాలి, కచేరీ అయ్యాక పనివాళ్లకు ఎలా చెప్పి వెళ్లాలి... ఇవన్నీ ముందు నిలబడ్డవాళ్లకంటే వెనక నిలబడ్డవాళ్లకే బాగా కనిపిస్తాయి. పుట్టుకతో గొంతు ఉన్నవాళ్లను ఎలా పాడావని అడిగితే చెప్పలేరు, వాళ్లకు అది వచ్చేస్తుంది. ప్రతి అడుగూ పడి లేచి నేర్చుకున్నవాళ్లకు ఏ మెట్టు దగ్గర కాలు జారుతుందో గుర్తుంటుంది. అందుకే 11, 12 ఏళ్లకే గ్రూప్‌లోకి వచ్చిన పిల్లలను చేతిలో పెడితే సరైన మనిషి ఆమే అయింది. తకహషి ఉండి మిచిషిగే వెళ్లిపోయి ఉంటే గ్రూప్ ఇంతలా కుదురుకునేది కాదని నా గట్టి నమ్మకం.

ఫలితం కళ్లముందుంది. 2013 జనవరిలో వచ్చిన సింగిల్ జపాన్ సంగీత అమ్మకాలను లెక్కించే ఒరికాన్ వారపు పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. 2009 తర్వాత అదే మొదటిసారి. దాంతో మొదలుపెట్టి వరుసగా ఐదు సింగిల్స్ మొదటి స్థానంలోనే. గొంతులో అనుభవం తక్కువైన పిల్లలకు త్సున్కు కొత్త దారి వేశాడు. నిముషానికో ఆకారంలోకి మారే ఫార్మేషన్ డ్యాన్స్ అది. పది మందిలో ఒక్కరు అడుగు తప్పినా మొత్తం బొమ్మ చెదిరిపోతుంది. ఎవరో ఒక్కరు మెరిస్తే చాలదు, పది మందికీ పక్క మనిషి ఎక్కడ ఉందో తెలియాలి. 2014 అక్టోబర్‌లో ఈ పది మందే న్యూయార్క్ వెళ్లి పాడి వచ్చారు.

దీన్ని ఒప్పుకోనివాళ్ల మాట కూడా వినాలి. గ్రూప్ నుంచి వెళ్లిపోవడానికి పెట్టిన గ్రాడ్యుయేషన్ అనే ముద్దుపేరు కింద కంపెనీ పిల్లలను వాడుకుని వదిలేస్తుందని, వయసు రాగానే సాగనంపి కొత్తవాళ్లను తెచ్చుకుంటుందని, ప్రేమించే హక్కు కూడా లాక్కుంటుందని వాళ్లంటారు. అందులో నిజం ఉంది. ఇలాంటి గ్రూపుల్లో పాడే అమ్మాయిలను అక్కడ ఐడల్ అంటారు, ఆ ఐడల్ లోకంలో ప్రేమ మీద నిషేధం కోర్టుల దాకా వెళ్లింది. 2015లో టోక్యో జిల్లా కోర్టు ప్రేమ వ్యవహారం కారణంగా ఒక మాజీ ఐడల్‌ను 6.5 లక్షల యెన్‌లు కట్టమంది. మరుసటి ఏడాది అదే కోర్టు మరో కేసులో మనసుపడటం మనిషి హక్కని చెప్పి కంపెనీ దావా కొట్టేసింది. రెండో తీర్పే న్యాయం, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ ఒప్పందాలు మారాలన్న మాటకూ, పాతవాళ్లు కొత్తవాళ్లకు నేర్పి వెళ్లే పద్ధతి గొప్పదన్న మాటకూ తగవు లేదు. మొదటిదాన్ని సరిచేయడానికి రెండోదాన్ని పారేయక్కర్లేదు.

జపాన్ అమ్మాయిల గ్రూప్ మీద నాకు ఇంత పట్టింపు ఎందుకో చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరింది ఒక తెలుగు పత్రిక డెస్క్‌లో, రాత్రి షిఫ్టులో. నా పక్కన ఒక పెద్దాయన కూర్చునేవారు. ఆయన రాసిన గొప్ప వ్యాసం ఒక్కటీ లేదు. పేపర్లో ఆయన పేరు ఎప్పుడూ రాలేదు. కానీ ప్రమాద వార్తలో మృతుల సంఖ్య రాసేముందు ఎవరికి ఫోన్ చేయాలి, ఊరి పేరు జిల్లాకో తీరుగా ఉంటే ఎలా సరిచూసుకోవాలి, రాత్రి 12 తర్వాత వచ్చిన వార్తలో ఏది ఆపాలి, ఏది తోయాలి... అన్నీ ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నవే. 'బాబూ, హెడ్డింగ్ పెట్టాక ఒకసారి చచ్చినవాడి ఇంట్లోవాళ్లు చదువుతున్నట్టు చదువు' అనేవారు. కొన్నేళ్లకు ఖర్చు తగ్గించాలని అలాంటి సీనియర్లను ఒకే నెలలో ఇంటికి పంపేశారు. కొత్తగా వచ్చిన పిల్లల చేతిలో నాలుగు పేజీల నియమాల కాగితం పెట్టారు. పిల్లలు తెలివైనవాళ్లే. కానీ కాగితంలో ఫోన్ నంబర్లు ఉంటాయి, ఎవరి గొంతులో ఏ తడబాటు ఉంటే నమ్మకూడదో ఉండదు. ఆరు నెలలకే పేపర్లో తప్పులు మొదలయ్యాయి. బతికున్న మనిషి ఫోటో మృతుల వరుసలో వేసిన రోజు నేను మర్చిపోలేను.

ఐటీ ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో, బడుల్లో జరుగుతున్నదీ ఇదే. వెళ్లేవాళ్లు శుక్రవారం వెళ్తారు, వచ్చేవాళ్లు సోమవారం వస్తారు. మధ్యలో శని, ఆదివారాలు. ఆ రెండు రోజుల్లో ఎన్నేళ్ల పని నేలపాలవుతుందో ఏ లెక్కలోనూ రాదు. అందులోనూ ముందుగా పంపేది ఎవరిని? పైకి మెరవని వాళ్లను, వెనక వరసలో ఉన్నవాళ్లను, అంటే మిచిషిగే లాంటివాళ్లను. స్టార్‌ను ఉంచుకుని ఆమెను పంపేయడమే తెలివైన పని అని మన మేనేజ్‌మెంట్లు నమ్ముతున్నాయి. మార్నింగ్ ముసుమేలో మాత్రం స్టార్లు ఒక్కొక్కరుగా వెళ్లారు, ఆమె ఉంది. వచ్చేవాళ్లూ వెళ్లేవాళ్లూ ఒకే వేదిక మీద, ఒకే పాటలో కొన్నాళ్లు కలిసి నిలబడ్డారు.

2015 డిసెంబర్ 31న సయాషి రిహో వెళ్లిపోయినప్పుడు చాలామంది ఇక అయిపోయిందన్నారు. తొమ్మిదో బ్యాచ్ నుంచి వచ్చి గ్రూప్‌కు మధ్య స్థానం పట్టిన డ్యాన్సర్ ఆమె. ప్రకటన వచ్చిన రెండు నెలలకే వెళ్లిపోయింది. గ్రూప్ కూలలేదు. లీడర్‌గా అప్పటికి ఫుకుమురా మిజుకి ఉంది. ఆమె సయాషి బ్యాచ్ పిల్లే, మిచిషిగే అంటే ప్రాణం పెట్టే అభిమాని, దాదాపు నాలుగేళ్లు ఆమె పక్కనే పాడింది. ఫుకుమురా ఆ తర్వాత ఇంకో ఎనిమిదేళ్లు గ్రూప్‌ను నడిపింది.

2014 నవంబర్ 26, యొకొహామా అరీనా. మిచిషిగే వీడ్కోలు కచేరీ. పాటల మధ్యలో ఆమె కాలి కండరం పట్టేసింది, కదల్లేకపోయింది. ఫార్మేషన్ డ్యాన్స్‌లో ఒక మనిషి కదలకపోతే ఏమవుతుందో ముందే చెప్పాను. పాట ఆగలేదు. ఖాళీ పడిన చోట్లలోకి జూనియర్లు వచ్చి నిలబడ్డారు, ఆమె ముక్కలు వాళ్లు అందుకున్నారు. ఎవరూ అప్పటికప్పుడు చెప్పింది కాదు, ముందే రిహార్సల్ చేసుకున్నదీ కాదు. ఆమె కచేరీ పూర్తి చేసింది. తొమ్మిదేళ్ల తర్వాత, 2023 నవంబర్ 29న అదే అరీనాలో ఫుకుమురా వీడ్కోలు తీసుకుంది. 14 ఏళ్లకు వచ్చిన అమ్మాయికి ఇప్పుడు 27. ఆ రాత్రి ఆమె పక్కన అదే ఏడాది చేరిన 17వ బ్యాచ్ పిల్లలిద్దరు డ్యాన్స్ చేశారు.