ఇంటి ధరలో బడి వాటా ఎంత?

పిల్లలున్న కుటుంబం కొత్త ఊరికి మారాలనుకున్నప్పుడు ఇంట్లో జరిగే చర్చ సాధారణంగా రెండు అంకెల చుట్టూ తిరుగుతుంది. ఒకటి ఆ ఊరి బడికి పదికి ఇన్ని అని వచ్చిన రేటింగ్, రెండోది ఆ బడి పరిధిలో ఇంటికి చెబుతున్న ధర. మొదటిది ఎక్కువగా ఉన్నచోట రెండోది కూడా ఎక్కువగానే ఉంటుంది కాబట్టి, ఎంత అప్పు మోయగలం అన్న లెక్కతో చర్చ ముగిసిపోతుంది. ఆ అదనపు సొమ్ములో బోధన కోసం కడుతున్నది ఎంత, ఇరుగుపొరుగు సంపన్నత కోసమూ ఊరి పేరు కోసమూ కడుతున్నది ఎంత అని విడదీసి చూసేవారు తక్కువ. అలా విడదీసి చూస్తే, చాలా కుటుంబాలు తమ పిల్లలకు అవసరమైన దానికన్నా ఖరీదైన ఊరినే ఎంచుకుంటున్నాయన్నది నా అభిప్రాయం.

బడికీ ఇంటికీ ముడి వేసేది చిరునామా. నివాసాన్ని బట్టి ప్రభుత్వ బడిలో ప్రవేశం దొరికే దేశాల్లో, ఫీజు లేని చదువుకు కూడా ఒక ప్రవేశ రుసుము పుట్టుకొస్తుంది. దాన్ని వసూలు చేసుకునేది మాత్రం ఇల్లు అమ్మేవాడు. ప్రజలు పన్నులనూ సేవలనూ పోల్చుకుని తమకు సరిపడే ఊరికి తరలిపోతారని అమెరికన్ ఆర్థికవేత్త చార్లెస్ టీబూ 1956లోనే ప్రతిపాదించాడు. అయితే ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందన్న బెంగను ఆయన లెక్కలోకి తీసుకోలేదు. అందరూ షేర్ల మీద వచ్చే డివిడెండ్ల ఆదాయంతో బతుకుతున్నారనుకుందాం అని ఆ వ్యాసంలోనే రాసుకున్నాడు. జీతం మీద బతికేవారికి ఆ వెసులుబాటు ఉండదని వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ముడి ఎంత గట్టిగా బిగుసుకోగలదో సియోల్ నగరం చూపించింది. 1974లో దక్షిణ కొరియా ప్రభుత్వం హైస్కూలు ప్రవేశాలను సమం చేసే విధానం తెచ్చి, పోటీ పరీక్షల బదులు నివాస ప్రాంతం ఆధారంగా విద్యార్థులను కేటాయించడం మొదలుపెట్టింది. అదే దశకంలో, అప్పటికింకా పెద్దగా అభివృద్ధి చెందని గంగ్‌నమ్ ప్రాంతానికి నగరంలోని పేరున్న బడులను తరలించింది. క్యోంగీ హైస్కూలు 1976లో అక్కడికి వెళ్లింది. బడుల వెనకే కుటుంబాలు, వాటి వెనకే ధరలు కదిలాయి. పరీక్ష స్థానంలో చిరునామా వచ్చింది, చిరునామాకు వెల పెరిగింది.

అమెరికాలో బ్రూకింగ్స్ అనే పరిశోధన సంస్థ తరఫున జొనాథన్ రాత్‌వెల్ 2012లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆ దేశంలోని 100 అతిపెద్ద మహానగర ప్రాంతాల్లో ఎక్కువ మార్కులొచ్చే ప్రభుత్వ బడికి దగ్గర నివాస ఖర్చు, తక్కువ మార్కుల బడి దగ్గరికన్నా సగటున 2.4 రెట్లు ఉంది. ఈ ఒక్క అంకె చూసి గుండెలు బాదుకునేముందు అదే అధ్యయనంలోని మరో రెండు వివరాలు గమనించాలి. మంచి మార్కుల బడుల దగ్గర సాధారణ ఇల్లు ఒకటిన్నర గది పెద్దది, అద్దె ఇళ్ల వాటా సుమారు 30 శాతం పాయింట్లు తక్కువ. అంటే ఖర్చులో కొంత బడి వల్ల వచ్చింది కాదు. చిన్న ఇళ్లు, అద్దె ఇళ్లు కట్టనివ్వని స్థానిక భవన నిబంధనల వల్ల, కావాలన్నా చిన్న ఇల్లు దొరకని పరిస్థితి వల్ల వచ్చింది.

మరి అచ్చంగా బడి కోసం పడుతున్న ధర ఎంత? దీన్ని కొలవడానికి శాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త 1999లో మంచి ఉపాయం కనిపెట్టారు. మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్ శివారు ఊళ్లలో, ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (ఒక ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్థానిక విభాగంలో) ఉంటూ ప్రాథమిక పాఠశాలల హద్దుకు అటూ ఇటూ ఉన్న ఇళ్లను ఆమె పోల్చారు. పన్ను ఒకటే, పార్కు ఒకటే, ఆఫీసుకు దూరమూ ఒకటే, కానీ వీధికి ఈ పక్కన ఉన్న పిల్లలు ఒక బడికి, ఆ పక్కన ఉన్న పిల్లలు మరో బడికి వెళ్తారు. పరీక్ష మార్కులు 5 శాతం ఎక్కువగా ఉన్న బడి కోసం తల్లిదండ్రులు ఇంటి మీద 2.5 శాతం ఎక్కువ చెల్లించడానికి సిద్ధపడుతున్నారని తేలింది. హద్దులతో సంబంధం లేకుండా ఊళ్లను గంపగుత్తగా పోల్చినప్పుడు వచ్చే అంచనాలో ఇది దాదాపు సగమే. మిగతా సగాన్ని అందరూ బడి ఖాతాలో వేసుకుంటున్నారు గానీ అది పరిసరాల ధర.

2007లో ప్యాట్రిక్ బేయర్, ఫెర్నాండో ఫెరేరా, రాబర్ట్ మెక్‌మిలన్ అనే ఆర్థికవేత్తలు శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతపు జనగణన వివరాలతో ఇంకొక అడుగు ముందుకు వేశారు. హద్దుకు ఇరువైపులా ఉన్న ఇళ్లు ఒకేలా ఉన్నా, కాలక్రమంలో ఎక్కువ చదువుకున్నవారూ ఎక్కువ సంపాదించేవారూ మంచి పేరున్న వైపు చేరతారు. ఇరుగుపొరుగులోని ఈ తేడాను కూడా లెక్కలోకి తీసుకుంటే, మార్కుల్లో అదే 5 శాతం తేడాకు జనం కట్టేది 1 శాతం కూడా లేదని వారు తేల్చారు. గంపగుత్త లెక్క నుంచి బ్లాక్ లెక్కకు, అక్కడి నుంచి ఈ లెక్కకు వచ్చేసరికి, ‘బడి ధర’ అని మనం అనుకుంటున్నది క్రమంగా కరిగిపోతూ వచ్చింది. ఇరుగుపొరుగుకు విలువ లేదని ఇక్కడ నా వాదన కాదు. దేనికి చెల్లిస్తున్నామో తెలిసి చెల్లించాలన్నంతవరకే.

రేటింగ్ విషయంలోనూ ఇలాంటి కలగాపులగమే ఉంది. ఒక బడిలో మూడో తరగతిలో చేరేనాటికే పిల్లలకు సగటున 80 మార్కులు వస్తుండి, ఎనిమిదో తరగతికి 82 అయ్యాయనుకుందాం. మరో బడిలో అదే కాలంలో 45 నుంచి 60కి పెరిగాయనుకుందాం. సగటు మార్కుల పట్టికలో మొదటి బడి ఎంతో ఎత్తున కనిపిస్తుంది, కానీ ఉపాధ్యాయులు ఎక్కువ పని చేసింది రెండో బడిలో. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన షాన్ రియర్డన్ అమెరికాలోని సుమారు 11,000 స్కూల్ డిస్ట్రిక్టుల పరీక్ష ఫలితాలను పరిశీలించి, పిల్లల సగటు మార్కులకూ ఏటా వారు సాధించే ఎదుగుదలకూ సంబంధం చాలా బలహీనమని చూపించారు. పేదరికం ఎక్కువగా ఉన్న షికాగో డిస్ట్రిక్ట్‌లో పిల్లలు మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి వరకు, అంటే ఐదేళ్లలో, ఆరేళ్ల చదువుకు సరిపడా ఎదుగుదల సాధించారు. సగటు మార్కులను మాత్రమే చూసి ఊరిని ఎంచుకునే కుటుంబం అలాంటి చోటును మొదటి వడపోతలోనే తీసేస్తుంది.

పైస్థాయి బడుల విషయంలో భ్రమ ఇంకా ఎక్కువ. బోస్టన్, న్యూయార్క్ నగరాల్లో ప్రవేశ పరీక్ష ద్వారా చేరే పేరున్న ప్రభుత్వ బడుల్లో, కటాఫ్ కొద్దిగా దాటి సీటు దక్కించుకున్నవారినీ కొద్దిలో తప్పిపోయినవారినీ అబ్దుల్‌కదిరొగ్లూ, యాంగ్రిస్ట్, పాఠక్ అనే ఆర్థికవేత్తలు పోల్చి 2014లో ఫలితాలు ప్రచురించారు. సీటు వచ్చినవారి తోటి విద్యార్థులు ఎంతో మెరుగైనవారు, అయినా ఆ విద్యార్థుల సొంత మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మంచి బడికీ అత్యుత్తమ బడికీ మధ్య తేడా కోసం ఇంటి బడ్జెట్‌ను తలకిందులు చేసుకోవడం నాకు సమర్థనీయంగా కనిపించకపోవడానికి ప్రధాన కారణం ఇదే.

దీనికి విరుద్ధమైన సాక్ష్యమూ ఉంది, అది బలమైనది. 1990వ దశకంలో అమెరికా ప్రభుత్వం ఐదు నగరాల్లో, తీవ్రమైన పేదరికం ఉన్న ప్రాంతాల కుటుంబాల్లో కొన్నింటిని లాటరీ ద్వారా ఎంపిక చేసి, పేదరికం తక్కువగా ఉన్న చోట్లకు మారేందుకు అద్దె సాయం చేసింది. ఆ పిల్లల పరీక్ష మార్కులు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. కానీ ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, 13 ఏళ్లలోపు ఇల్లు మారిన పిల్లలు ఇరవైల మధ్యకు వచ్చేసరికి, ఆ అవకాశం దక్కనివారికన్నా 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. 13 దాటాక మారినవారికి ఆ లాభం కనిపించలేదు, పైగా కొంత నష్టమే కనిపించింది. కాబట్టి ఊరు మారడం వృథా అని ఎవరూ అనలేరు. అయితే ఆ కుటుంబాలు దాటిన అంతరం చాలా పెద్దది. ఒక మధ్యతరగతి ఊరి నుంచి మరికాస్త ఖరీదైన మధ్యతరగతి ఊరికి మారేవారు ఆ 31 శాతాన్ని తమకు అన్వయించుకోకూడదు.

ఇక ఖర్చు వైపు చూద్దాం. ఖరీదైన ఊళ్లో కట్టిన అదనపు ధర తిరిగి అమ్మినప్పుడు వచ్చేస్తుందని చాలామంది ధీమా. అసలు సొమ్ము రావచ్చు, కానీ వడ్డీ, ఆస్తి పన్ను తిరిగి రావు. ఒక ఊళ్లో ఇంటి ధర 100 భాగాలు, మెరుగైన బడి ఉన్న ఊళ్లో అదే పరిమాణంలోని ఇల్లు 130 భాగాలు అనుకుందాం. అదనపు 30 భాగాల మీద వడ్డీ రూపంలోనో కోల్పోయిన రాబడి రూపంలోనో ఏటా 6 శాతం, పన్ను 1 శాతం పోతే, సాలీనా 2.1 భాగాలు. కేవలం బడి కోసమే ఇల్లు మారే కుటుంబానికి రిజిస్ట్రేషన్, కమీషన్, సామాను తరలింపు కలిపి ఇంటి ధరలో 5 శాతం, అంటే 6.5 భాగాలు అవుతాయనుకుంటే, రెండేళ్ల తేడాతో ఇద్దరు పిల్లలున్న ఇంట్లో పెద్దవాడు ఒకటో తరగతిలో చేరిన దగ్గర నుంచి చిన్నవాడు పన్నెండో తరగతి ముగించేవరకు, 14 ఏళ్లలో సుమారు 36 భాగాలు ఖర్చవుతాయి. దాన్ని ఇద్దరి 24 విద్యాసంవత్సరాలకు పంచితే ఒక్కో సంవత్సరానికి ఒకటిన్నర భాగం. అదే ఇంటిని మూడేళ్ల చదువు మాత్రమే మిగిలిన ఒక్క పిల్లవాడి కోసం కొంటే సంవత్సరానికి 4.3 భాగాలు, దాదాపు మూడు రెట్లు. బడి మారలేదు, రేటింగ్ మారలేదు, మారింది దాన్ని వాడుకునే కాలం.

ఈ లెక్కలోకి రాని ఖర్చు ఇంకొకటి ఉంది. ఆదాయంలో మూడో వంతు ఉండాల్సిన నెలవారీ వాయిదా సగానికి చేరినప్పుడు, ముందుగా కోత పడేది పిల్లల మీదే. సంగీతం క్లాసు, వేసవి శిబిరం, వెనకబడిన సబ్జెక్టుకు ట్యూషన్ ఒక్కొక్కటిగా మానేస్తారు. వాయిదా కోసం తల్లిదండ్రులిద్దరూ ఓవర్‌టైమ్ చేసి, ఆ పైన గంటకు పైగా ప్రయాణించి రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరితే, హోంవర్క్ పక్కన కూర్చునేవారు ఎవరూ ఉండరు. ఏ బడి చేసే మేలునైనా ఇది సగం తినేయగలదు.

అద్దెకు దిగడాన్ని ఓటమిగా చూసే అలవాటు కూడా మానుకోవాలి. మంచి బడి పరిధిలో చిన్న అద్దె ఇల్లు దొరికితే, అవసరమైన ఏళ్లు అక్కడ ఉండి తరువాత మారిపోవచ్చు. నిజం చెప్పాలంటే, బడి కోసం ఎంతైనా పెడతామనే తల్లిదండ్రుల్లో అతిథుల గది వదులుకోవడానికి సిద్ధపడేవారు తక్కువ. అద్దెకు మరో ప్రయోజనమూ ఉంది. బడి హద్దులు శాశ్వతం కావు. కొత్త ఇళ్లు వెలిసి తరగతి గదులు నిండిపోతే పరిధులను తిరిగి గీస్తారు, అప్పుడు బడి పేరు చెప్పి అమ్మిన ఇల్లు మరో బడి కిందకి వెళ్తుంది. అమ్మకపు ప్రకటనలో రాసిన బడి పేరును నమ్మి సంతకం చేయకుండా, ఆ చిరునామా ఈ ఏడాది ఏ బడి కిందకి వస్తుందో, హద్దుల మార్పు ప్రతిపాదన ఏదైనా ఉందో విద్యాశాఖ కార్యాలయంలోనే కనుక్కోవాలి.

బడిని స్వయంగా చూసేటప్పుడు నేనైతే భవనాన్ని పట్టించుకోను. గత మూడేళ్లలో ఎంతమంది ఉపాధ్యాయులు వెళ్లిపోయారు, చదవడంలో వెనకబడిన పిల్లవాడికి వారంలో ఎన్ని గంటలు ఎవరు సాయం చేస్తారు, గైర్హాజరు ఎంత, పై తరగతుల్లో గణితం, సైన్సు ఏ స్థాయి వరకు చెబుతారు అని అడుగుతాను. భద్రత లేని, ఉపాధ్యాయులు నిలవని బడి నుంచి ఇవన్నీ సవ్యంగా ఉన్న బడికి మారడానికి గట్టిగానే ఖర్చు పెట్టవచ్చు. పిల్లలు చిన్నవారైతే మరీను. వినికిడి లోపమో చదవడంలో ఇబ్బందో ఉన్న బిడ్డకు తగిన నిపుణులు ఒకే ఊళ్లో ఉంటే లెక్కంతా మారిపోతుంది, అక్కడ రేటింగ్‌తో పని లేదు. ఇవేవీ కాకుండా తొమ్మిది రేటింగ్ బడినుంచి పదికి వెళ్లాలన్నదే కారణమైతే, ఆ 30 భాగాలను చేతిలోనే ఉంచుకోవడం మేలు.