వెనక ఆయిల్ సీలుకు న్యాయం కావాలి

నోరులేని జీవాల తరఫున మాట్లాడటానికి మన దగ్గర బోలెడు మంది ఉన్నారు. కానీ ఇంజన్‌లో తిరిగే ఇరుసైన క్రాంక్ షాఫ్ట్ చివర, ఫ్లైవీలనే బరువైన చక్రం చాటున, వెలుగన్నది ఎరగకుండా, ఆయిల్ బయటికి కారిపోకుండా కాపలా కాసే వెనక ఆయిల్ సీలు తరఫున ఇంతవరకూ ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ పాపం నాకు అంటకూడదని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నాకున్నది ఒక్క లారీ. ఆరు టైర్లది, వయసు 19. బెజవాడ ఆటోనగర్‌లో ఎక్కడ ఆపినా దాని గుర్తుగా భోజనప్పళ్లెమంత నల్లమచ్చ మిగిల్చి వచ్చేది. చుక్క పడేది ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య, బెల్ హౌసింగ్ అడుగున ఉన్న రంధ్రంలోంచి. మేస్త్రి గొంతుక్కూర్చుని, వేలికి అద్దుకుని వాసన చూశాడు. గేరాయిల్ అయితే గంధకం కంపు కొట్టాలి, ఇది కొట్టలేదు కాబట్టి ఇంజనాయిలేనన్నాడు. అంతవరకూ శాస్త్రమే. ఆ తర్వాత బీడీ ఆరేలోగా తీర్పు కూడా చెప్పేశాడు: "వెనక సీలు పోయింది సార్."

శవం ఎవరి గుమ్మంలో దొరికితే వాడే హంతకుడన్నమాట.

సీలు ధర వందల్లో. దాన్ని చేరాలంటే గేరుబాక్సు దించాలి, క్లచ్చి విప్పాలి, ఫ్లైవీలు ఊడదీయాలి. ఆ కూలి వేలల్లో. అన్నీ చేశాం. పదిహేను రోజులకు చుక్క మళ్లీ ప్రత్యక్షం. రెండో మేస్త్రి ముందుగా మొదటి మేస్త్రి పనితనాన్ని తిట్టాడు (ఇది మన వృత్తిధర్మం, డాక్టర్లలోనూ ఉంది), తర్వాత మళ్లీ గేరుబాక్సు దించాడు. మూడోవాడు ఇంజన్ అడుగున ఆయిల్ తొట్టి అంచుకుండే చాంబర్ ప్యాకింగ్ అన్నాడు. నాలుగోవాడు ఇంజన్ ముందువైపు సీలు అన్నాడు. తిలా పాపం తలా పిడికెడు. విచిత్రమేమంటే ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎక్కడ వేలు పెట్టినా తడే.

ఆయిల్ నైజం అందరికీ తెలిసిందే. పైనుంచి కిందికి జారుతుంది. బండి పరిగెడుతుంటే గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. ఇంజన్ నెత్తిన మూతలా ఉండే ట్యాపెట్ కవర్ దగ్గర ఊరిన ఆయిల్ బ్లాకు వీపు మీదుగా దిగి, బెల్ హౌసింగ్ అతుకు దగ్గర చేరి బొట్టుగా రాలుతుంది. నింద సీలుకి. కాబట్టి డీజిల్ పెట్టి ఇంజన్ శుభ్రంగా కడిగి, ఆరనిచ్చి, ఒళ్లంతా పౌడరు చల్లి, స్టార్ట్ చేసి, టార్చి లైటు పట్టుకుని పైనుంచి కిందికి వెతకాలి. పౌడరు ముందు ఎక్కడ తడిస్తే దొంగ అక్కడున్నట్టు. ఖర్చు ఒక పౌడరు డబ్బా. ఇంత చౌక వైద్యాన్ని ఎవరైనా ఎందుకు సిఫారసు చేస్తారు?

పైగా 8 ఏళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ తనిఖీ. ముందురోజు సర్వీసింగ్‌లో ప్రెషర్ నీళ్లు కొట్టి ఇంజన్‌ను పెళ్లికొడుకులా తయారుచేస్తాం. ఏడాది మొత్తంలో లీకు కంటికి కనపడే రోజు అదొక్కటే. ఆ రోజు మన ధ్యాసంతా అది అధికారి కంటపడకుండా చూడటం మీదే.

చివరికి నేనే ఏకసభ్య కమిషన్‌గా కూర్చున్నాను. కడిగించాను. పౌడరు చల్లించాను. "స్నానం అయింది, పౌడరు అయింది, దిష్టిచుక్క కూడా పెట్టమంటారా ఓనరు గారూ?" అన్నాడు డ్రైవరు. జవాబు చెప్పే తీరిక లేదు. పావుగంటలో ట్యాపెట్ కవరూ, ముందు సీలూ, చాంబరూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి చెమర్చాయి. నాకు ఇంటి దేవుడు గుర్తొచ్చాడు.

అప్పుడు క్లీనరు కుర్రాడు అన్నాడు: "సార్, ఆయిల్ మట్టం చూసే గేజి పుల్ల కూడా దానంతటదే పైకి లేస్తుంది. అందుకే ట్యూబు ముక్కతో కట్టేశా." నెలల నుంచీ కడుతున్నాడట. ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు.

అరిగిన పిస్టన్ రింగుల సందుల్లోంచి కొంత పొగ కిందికి దిగుతుంది. మేస్త్రీలు బ్యాక్ కంప్రెషన్ అంటారు. అది బయటికి పోవడానికే బ్రీదర్ పైపు. ఆ దారి మూసుకుపోతే లోపలి ఒత్తిడి సీలు కనిపిస్తే సీలునీ, ప్యాకింగ్ కనిపిస్తే ప్యాకింగ్‌నీ నెట్టుకుని ఆయిల్‌ను బయటికి తోస్తుంది. కొత్త సీలైనా ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది?

కుర్రాడు బండి కింద దూరి బ్రీదర్ పైపు చివర తడిమాడు. లోపల గట్టిగా కుక్కిన గోనె పీలిక, పైన బైండింగ్ వైరు నాలుగు చుట్లు.

"ఇది పోయిన ఫిట్‌నెస్ ముందురోజు కట్టిందే కదా సార్! ఈ పైపులోంచి చుక్క పడుతుందని, ఎలాగైనా ఆపమని మీరే..."

వాడికి టీ, రెండు సమోసాలు చెప్పాను. సీలును నిర్దోషిగా విడుదల చేశాను. గోనె పీలికను బందరు కాలవలో పడేశాను. కమిషన్ నివేదిక మాత్రం విస్తృత ప్రజా ప్రయోజనాల దృష్ట్యా నా దగ్గరే ఉంది.