మట్టి అంటుకుంటే ఎలాగూ పోతుందిగా

ఈ మాట మీరు వినే ఉంటారు, వినకపోతే అదృష్టవంతులు. 1/5 స్కేల్ ఆర్‌సీ బండి, అంటే అసలు కారులో అయిదో వంతు సైజుండే రిమోట్ కంట్రోల్ కారు, ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి, టైరు ఒక్కోటి మనిషి తలకాయంత ఉంటుంది, దాని ఓనర్ గారిని ఎవరో పాపం తెలీక "అన్నా, వీల్స్ బ్యాలెన్స్ చేశావా" అని (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా చూశావా అని) అడిగితే ఆయన జాలిగా ఓ నవ్వు నవ్వి "ఇది ఆఫ్ రోడ్ బండి తమ్ముడూ, మట్టి అంటుకుంటే బ్యాలెన్స్ ఎలాగూ పోతుందిగా" అంటారు. అంతే, శాస్త్రం సమాప్తం. ఈ లెక్కన సాయంత్రానికి ఎలాగూ చెమట పడుతుంది కాబట్టి పొద్దున్నే స్నానం కూడా దండగే, మరి అది మాత్రం ఎందుకు చేసొస్తున్నారో (చేసే వస్తున్నారనుకుందాం) ఆయనే చెప్పాలి.

పోనీ పిసినారా అంటే అస్సలు కాదు. అల్యూమినియం హబ్బులు ఉన్నాయి, టైటానియం స్క్రూలు ఉన్నాయి, సిరామిక్ బేరింగులు ఉన్నాయి. లేనిదల్లా రిమ్ము లోపల అంటించాల్సిన చిటికెడు బరువు.

అసలు చూసి తీరాల్సింది ఆయన బండిని టేబుల్ మీద స్టాండ్‌కెక్కించి థ్రాటిల్ నొక్కే ఘట్టం. ముందు నెమ్మదిగా ఉంటుంది, అందరం భక్తిగా చూస్తాం, కాస్త స్పీడ్ అందుకోగానే టేబుల్ మీదున్న నట్లు మెల్లగా నడవడం మొదలుపెడతాయి, వాటి వెనక బాడీ క్లిప్పులు, వాటి వెనక స్క్రూడ్రైవరు, ఊరేగింపులా అన్నీ అంచు దాకా వెళ్ళి వరసగా కిందకి దూకుతాయి, ఆ తర్వాత స్టాండే బయల్దేరుతుంది, బండి నేల మీద లేకుండానే ప్రయాణం చేస్తోందన్నమాట, ఈయన ఒక చేత్తో టేబుల్ని పట్టుకుంటారు, దాంతో ఆయన కూడా ఊగుతారు, కళ్ళజోడు ముక్కు చివరికొస్తుంది, అలా ఊగుతూనే "ఇం..ఇం..ఇంజన్ మౌ..మౌంట్ లూ..లూజ్" అని తీర్పు చెప్తారు. ఇంజన్ మౌంట్ మారుతుంది. ఊపు మారదు. అప్పుడు షాక్ అబ్జార్బర్లలో చిక్కటి ఆయిల్ పోస్తారు, తర్వాత స్ప్రింగులు, తర్వాత డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలకీ తిప్పుడు పంచే గేర్ల పెట్టె) ఆయిల్, తర్వాత బేరింగులు అన్నీ, ఆ తర్వాత కంపెనీ వాడు మోసం చేశాడంటూ ఒక ఉపన్యాసం. ఆడలేక మద్దెల ఓడన్నవాడు పాపం ఒక్క మద్దెలతో ఆగాడు, ఈయన మేళం మొత్తాన్ని మార్చేశారు.

ఆ నాలుగు చక్రాల జోలికి మాత్రం వెళ్ళరు. మట్టి సిద్ధాంతం అడ్డొస్తుంది కదా.

మట్టి సంగతికే వద్దాం. మట్టి కడిగితే పోతుంది సార్. టైరు లోపల గాలికి బదులు ఉండే ఫోమ్ (స్పాంజి) అతుకు దగ్గర పేరుకున్న బరువు, అంటించేటప్పుడు ఒకే వైపు జారిన గమ్ము ముద్ద, ఎక్కడో ఒకచోట మందంగా వచ్చిన రబ్బరు, ఇవి ఏ నీళ్ళతో కడిగినా పోవు. పైగా గాలి రంధ్రంలోంచి నీళ్ళు లోపలికెళ్తే ఫోమ్ పీల్చుకుని కూర్చుంటుంది, అదింకో బరువు. 20 సెంటీమీటర్ల టైరు 80 కిలోమీటర్ల వేగంతో పోతోందంటే నిమిషానికి 2100 చుట్లు పైనే, అంటే సెకనుకి 35. మధ్య నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో ఒక 10 గ్రాములు ఎక్కువున్నాయనుకోండి, ఆ 10 గ్రాములు హబ్బుని దాదాపు రెండున్నర కిలోల బలంతో లాగుతాయి, అదీ ఒకే వైపు కాదు, పైకీ కిందకీ ముందుకీ వెనక్కీ, సెకనుకి 35 సార్లు చుట్టూ తిరుగుతూ. వేగం రెండింతలైతే ఈ లాగుడు నాలుగింతలు. రెండింతలు ఎప్పుడవుతుందంటారా, ఒక పక్క చక్రం ఇరుక్కుని ఆగిపోయి రెండోది గాల్లో తిరిగితే డిఫరెన్షియల్ దానికి రెట్టింపు తిప్పుడు ఇచ్చేస్తుంది. అప్పుడు ఆ సిరామిక్ బేరింగు ఏం పాపం చేసిందని?

ఇంతవరకూ ఎవరి డబ్బు వాళ్ళిష్టం, నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ ఇదే బండిని స్టాండ్ మీద పెట్టి, బ్యాలెన్స్ లేని చక్రాలతో ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, టైర్లు ఉబ్బి పళ్ళేల్లా సాగుతుంటే "చూడండి చూడండి" అని చుట్టూ జనాన్ని పోగేస్తారు చూడండి, అక్కడ నాకు నవ్వు రాదు. ఆ జనంలో ముందు వరసలో ఉండేది పిల్లలు. టేబుల్ మీద తిరిగే టైరు సరిగ్గా వాళ్ళ కళ్ళ ఎత్తులో ఉంటుంది. ఆ ఊపుకి వీల్ నట్ వదులైతే, గమ్ము ఊడి టైరు రిమ్ము నుంచి లేస్తే అది ఎటు వస్తుందో నీకు తెలుసా? బొమ్మ కారేగా అంటావు, ఏం బొమ్మయ్యా అది, పది పదిహేను కిలోల ఇనుమూ ప్లాస్టిక్కూ! ఆ పిల్లాడి కన్ను పోతే ఏ బేరింగ్ మారుస్తావు? వెనక్కి జరగండ్రా అని ఒక్క మాట అనడానికి కూడా నోరు రాదా నీకు?

పనేమైనా పెద్దదా అంటే అదీ కాదు. చక్రాన్ని కడిగి ఆరబెట్టి, రెండు బేరింగుల మీద తేలిగ్గా తిరిగే ఒక షాఫ్ట్‌కి తగిలించి వదిలేయడమే, బరువున్న వైపు దానంతటదే కిందకొస్తుంది, సరిగ్గా దానికెదురుగా పైన రిమ్ము లోపలివైపు స్పిరిట్‌తో తుడిచి స్టిక్కర్ వెయిట్ ముక్క అంటించాలి, 5 గ్రాములవి దొరుకుతాయి, ఎక్కువైతే కోసుకోవచ్చు. ఎక్కడ వదిలితే అక్కడే ఆగేదాకా ఇదే పని, ఆగాక ముక్క ఊడకుండా పైన టేపు. రిమ్మే వంకరగా ఉంటే మాత్రం ఎన్ని గ్రాములు అంటించినా ఆ ఊగులాట పోదు, అందుకని ముందు పక్క నుంచి ఒకసారి తిప్పి చూసుకోవాలి. ఇవన్నీ మన ఓనర్ గారికి ఓపిగ్గా చెప్పాం, ఆయన కూడా ఓపిగ్గా విన్నారు.

ఈ మధ్య ఆయన బండి మీద చిన్న కెమెరా పెట్టి వీడియో తీశారట. వీడియో మొత్తం పూనకం వచ్చినట్టు ఊగిపోయింది. బాగా ఆలోచించి కెమెరా నాసిరకం అని తేల్చారు, ఇప్పుడు స్టెబిలైజర్ ఉన్నది వెతుకుతున్నారు, దాన్ని బిగించడానికి స్క్రూలు మాత్రం టైటానియంవే కావాలట.